మామోగ్రామ్ రిపోర్టులో ‘సాంద్రత: సీ’ అని ఉంటే భయపడాలా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీకు 43 ఏళ్లు. మొదటిసారి మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయించుకున్నారు. రిపోర్టులో ఒకచోట ‘బై-రాడ్స్ 1’ అనీ, మరోచోట ‘సాంద్రత సీ’ అనీ ఉంది. కుటుంబంలో ఎవరికీ రొమ్ము క్యాన్సర్ లేదు. సాంద్రత ఎక్కువ ఉంటే ముప్పు నాలుగైదు రెట్లు పెరుగుతుందని ఎక్కడో చదివారు. ఇక మామోగ్రామ్ దండగ, ఏటా ఎంఆర్‌ఐ తీయించుకోమని స్నేహితురాలు చెప్పింది. సాంద్రతను తగ్గించుకునే మార్గం ఉందా, ఇరవై ఏళ్ల మీ అమ్మాయికి కూడా పరీక్ష చేయించాలా అని కూడా అడిగారు.

నేను రేడియాలజిస్టును. మామోగ్రామ్‌లు చూసి రిపోర్టులు రాయడమే నా రోజువారీ పని. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీ మామోగ్రామ్ మామూలుగా ఉంది. సాంద్రత ‘సీ’ జబ్బు కాదు, జబ్బుకు తొలిమెట్టు కూడా కాదు. నలభై దాటిన స్త్రీలలో దాదాపు సగం మంది సీ, డీ తరగతుల్లోనే ఉంటారు. సగటు స్త్రీతో పోలిస్తే మీ ముప్పు కాస్త ఎక్కువ, అంతే. మామోగ్రామ్ మానవద్దు. మీరు ఇచ్చిన వివరాలను బట్టి ఏటా ఎంఆర్‌ఐ అవసరం నాకు కనిపించడం లేదు. కానీ ఆ అక్షరాన్ని పూర్తిగా పక్కన పెట్టేయమని కూడా చెప్పను. దానివల్ల మీరు జాగ్రత్త పడవలసిన విషయం ఒకటుంది. అది మీరు భయపడుతున్న విషయం మాత్రం కాదు.

మొదట రిపోర్టు చదవడం గురించి. అందులో రెండు వేర్వేరు గుర్తులు ఉంటాయి, చాలామంది వాటిని కలిపేసుకుని కంగారు పడతారు. బై-రాడ్స్ పక్కన ఉండే అంకె చెప్పేది పరీక్ష ఫలితం. 1 అంటే ఏమీ లేదు, 2 అంటే హాని లేనిదేదో కనిపించింది, 0 అంటే ఇంకా కొన్ని చిత్రాలు తీస్తే తప్ప చెప్పలేం, 4, 5 అంటే బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్ష, చేయాలి. అక్షరం చెప్పేది రొమ్ము నిర్మాణం. ఏ అంటే దాదాపు అంతా కొవ్వే. బీ అంటే అక్కడక్కడా గ్రంథి కణజాలం. సీ అంటే గ్రంథి, పీచు కణజాలం చాలాచోట్ల దట్టంగా ఉంది. డీ అంటే దాదాపు అంతా దట్టమే. స్థూలంగా వందమందిలో పదిమంది ఏ, నలభై మంది బీ, నలభై మంది సీ, పదిమంది డీ. సీ అన్న అక్షరం చూసి క్యాన్సర్ మూడో దశ అనుకుని ఏడుస్తూ వచ్చినవారిని నేను చూశాను. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఎవరైనా రెండు నిమిషాలు కేటాయించి ఉంటే ఆ ఏడుపు తప్పేది.

ఈ సాంద్రత చేతికి తెలిసేది కాదు. రొమ్ము గట్టిగా ఉండటానికీ, పెద్దగా ఉండటానికీ, నెలసరి ముందు నొప్పి పెట్టడానికీ దీనితో సంబంధం లేదు. ఎక్స్‌రే చిత్రంలో మాత్రమే కనిపిస్తుంది. కొవ్వు గుండా ఎక్స్‌రేలు సులువుగా వెళ్లిపోతాయి కాబట్టి అది నల్లగా పడుతుంది. గ్రంథులు, పాలనాళాలు, వాటిని పట్టి ఉంచే పీచు కణజాలం తెల్లగా పడతాయి.

ఇక ఆ ‘నాలుగైదు రెట్ల’ సంగతి. ఆ అంకె తప్పు కాదు, దాన్ని వాడే తీరులోనే చిక్కుంది. సాంద్రతకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని 1976లో అమెరికా రేడియాలజిస్ట్ జాన్ వుల్ఫ్ చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ఆ తర్వాత ఎన్నో అధ్యయనాలు జరిగాయి. వాటన్నిటినీ కలిపి 2006లో ప్రచురించిన విశ్లేషణలో, రొమ్ములో 75 శాతం లేదా అంతకుమించి దట్టమైన కణజాలం ఉన్నవారికి, 5 శాతం కూడా లేనివారితో పోలిస్తే, ముప్పు 4.6 రెట్లు ఉన్నట్లు తేలింది. పోలిక ఎవరితో ఎవరికో గమనించారా? ఈ చివర ఉన్నవారిని ఆ చివర ఉన్నవారితో పోల్చారు. రెండు చివరలా ఉండేది కొద్దిమందే. మనకు కావలసింది సగటు స్త్రీతో పోలిక. అలా చూస్తే సీ తరగతికి ముప్పు సుమారు 1.2 రెట్లు, డీకి సుమారు 2 రెట్లు.

రెట్లలో చెబితే అసలు పరిమాణం తెలియదు. లెక్క కోసం, ఒక వయసులో సగటున వెయ్యిమంది స్త్రీలలో రాబోయే పదేళ్లలో ఇరవై మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుందని అనుకుందాం. వాళ్లంతా సీ తరగతివారే అయితే ఆ సంఖ్య 24 అవుతుంది. డీ అయితే 40. అంటే డీలో కూడా 960 మందికి రాదు. మరో కొలబద్ద కావాలంటే: తల్లికో, సొంత అక్కాచెల్లెళ్లలో ఒకరికో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ముప్పు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. డీ తరగతి బరువు దాదాపు అంతే. బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం ఉన్నవారికి 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం దాకా ఉంటుంది. సాంద్రతను ఆ గాటన కట్టడం అన్యాయం.

ముప్పు అసలెందుకు పెరుగుతుంది? రొమ్ము క్యాన్సర్ పుట్టేది కొవ్వులో కాదు, పాలనాళాల లోపలి పొర కణాల్లో, గ్రంథుల్లో. దట్టమైన రొమ్ములో ఆ కణాలు ఎక్కువ, వాటి చుట్టూ ఉండే పీచు కణజాలం కూడా ఎక్కువ. ఆ పీచు ఊరికే పడి ఉండదు, కణాలు పెరగడానికి సంకేతాలు అందిస్తుంది. ఇందులో వంశపారంపర్యం పాలు చాలా పెద్దది. కవలల మీద జరిగిన అధ్యయనాల్లో, స్త్రీల మధ్య సాంద్రతలో కనిపించే తేడాల్లో సుమారు 60 శాతం జన్యువుల వల్లే అని తేలింది. కాబట్టి ‘నేనేం తప్పు చేశాను’ అని మిమ్మల్ని మీరు నిందించుకోవలసిన పని లేదు.

ఇప్పుడు జాగ్రత్త పడవలసిన విషయానికి వస్తాను. క్యాన్సర్ గడ్డ కూడా మామోగ్రామ్‌లో తెల్లగానే పడుతుంది. నల్లటి కొవ్వు మధ్యలో అది కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. దట్టమైన రొమ్ములో వెతకడమంటే తెల్లగోడ మీద సున్నపు మరక వెతకడమే. పాత ఫిల్మ్ మామోగ్రామ్‌ల కాలంలో, 2003లో ప్రచురితమైన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో, కొవ్వు ఎక్కువగా ఉన్న రొమ్ముల్లో మామోగ్రామ్ 87 శాతం క్యాన్సర్లను పట్టుకుంటే, బాగా దట్టమైన రొమ్ముల్లో 63 శాతమే పట్టుకుంది. డిజిటల్ యంత్రాలు వచ్చాక ఈ తేడా కొంత తగ్గింది కానీ పోలేదు. మామోగ్రామ్ మామూలుగా ఉందన్న తర్వాత ఏడాదిలోపే బయటపడే క్యాన్సర్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఈ దాపరికం ఎంతటిదో అర్థమవుతుంది. 2007 నాటి కెనడా అధ్యయనంలో అలాంటి క్యాన్సర్ల అవకాశం, సాంద్రత 10 శాతంలోపు ఉన్నవారికంటే 75 శాతం పైన ఉన్నవారిలో సుమారు 18 రెట్లు ఎక్కువ. నాలుగైదు రెట్ల అంకె జనంలోకి బాగా పాకింది. ఈ పద్దెనిమిది గురించి ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో రోజువారీ జీవితానికి ఇదే ముఖ్యం.

అమెరికాలోని కనెక్టికట్‌కు చెందిన నాన్సీ కాపెల్లో ఏటా క్రమం తప్పకుండా మామోగ్రామ్ తీయించుకునేవారు. రిపోర్టులన్నీ మామూలుగానే వచ్చాయి. 2004లో ఆమెకు క్యాన్సర్ బయటపడింది, అప్పటికే బాగా ముదిరింది. తన రొమ్ములు దట్టమైనవని అప్పటిదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు, అది రోగికి చెప్పే విషయం కాదన్నది వైద్యుల అలవాటు. ఆమె పోరాటం వల్ల 2009లో ఆ రాష్ట్రంలో సాంద్రతను రోగికి తెలియజేయాలన్న చట్టం వచ్చింది. 2018లో ఆమె చనిపోయారు. 2024 సెప్టెంబరు 10 నుంచి అమెరికా అంతటా ఇది తప్పనిసరి అయింది. ఈరోజు మీ రిపోర్టులో ఆ అక్షరం చూసి మీరు ప్రశ్న అడగగలుగుతున్నారంటే అందులో ఆమెకూ వాటా ఉంది.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. సాంద్రత డీ, మామోగ్రామ్ మామూలే. కొన్ని నెలలకు స్నానం చేస్తుంటే చేతికి చిన్న గడ్డ తగిలింది. ‘మొన్ననేగా బాగుందన్నారు’ అనుకుని తర్వాతి మామోగ్రామ్ గడువు దాకా ఆగారు. వచ్చినప్పుడు తీసిన మామోగ్రామ్‌లో కూడా గడ్డ స్పష్టంగా లేదు. అల్ట్రాసౌండ్‌లో మాత్రం మొదటి చూపులోనే దొరికింది. చికిత్స బాగా జరిగింది, ఇప్పుడు బాగున్నారు, కానీ ఆగిన నెలల వల్ల కీమో తప్పలేదు. అందుకే ప్రతి ఒక్కరికీ చెబుతాను: మామోగ్రామ్ నిన్న మామూలుగా వచ్చినా సరే, ఈరోజు కొత్తగా గడ్డ తగిలితే ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. చర్మం లోపలికి లాగినట్లు గుంట పడటం, చనుమొన కొత్తగా లోపలికి తిరగడం, దాని నుంచి రక్తం రావడం, చంకలో బిళ్ల తగలడం, వీటికీ ఇదే మాట. ఇవి ఉన్నప్పుడు తీసేది స్క్రీనింగ్ మామోగ్రామ్, అంటే లక్షణాలేవీ లేనివారికి తీసేది, కాదు. రోగనిర్ధారణకు అల్ట్రాసౌండ్, అవసరమైతే బయాప్సీ దాకా వెళ్లాలి. ‘ఆర్నెల్ల క్రితమే బాగుంది కదా’ అని డాక్టరు తేలిగ్గా తీసేస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

మరి మీ స్నేహితురాలు చెప్పినట్లు మామోగ్రామ్ దండగేనా? కాదు. క్యాన్సర్ తొలిదశలో కొన్నిసార్లు గడ్డగా కాక, ఇసుక చల్లినట్లుండే సన్నటి సున్నపు చుక్కలుగా కనిపిస్తుంది. కణజాలం దట్టంగా ఉన్నా మామోగ్రామ్‌లో ఆ చుక్కలు కనిపిస్తాయి, అల్ట్రాసౌండ్‌లో చాలావరకు కనిపించవు. రొమ్ము క్యాన్సర్ మరణాలను తగ్గిస్తుందని దీర్ఘకాలపు పరీక్షల్లో రుజువైన స్క్రీనింగ్ పద్ధతి మామోగ్రామే. మిగతావి దానికి తోడు రావాలే తప్ప దాని స్థానం తీసుకోలేవు. పొరలు పొరలుగా చిత్రాలు తీసే టోమోసింథసిస్, అంటే 3డీ మామోగ్రామ్, అందుబాటులో ఉంటే అదే తీయించుకోండి. సీ తరగతివారికి దాని లాభం బాగానే కనిపిస్తుంది. డీలో అంతగా ఉండదు.

అల్ట్రాసౌండ్ విషయంలో జపాన్‌లో 40 నుంచి 49 ఏళ్ల స్త్రీలు సుమారు 73,000 మందితో ఒక పెద్ద పరీక్ష జరిగింది. దాని ఫలితాలు 2016లో వచ్చాయి. మామోగ్రామ్ ఒక్కటే 77 శాతం క్యాన్సర్లను పట్టుకుంటే, అల్ట్రాసౌండ్ కూడా కలిపినప్పుడు 91 శాతం పట్టుకోగలిగారు. మీ వయసుకు సరిగ్గా సరిపోయే అధ్యయనం కాబట్టి చెబుతున్నాను. కానీ దానికి మరో వైపు ఉంది: క్యాన్సర్ లేకపోయినా అనుమానం వచ్చి మళ్లీ పిలిపించుకున్నవారు కూడా పెరిగారు. అల్ట్రాసౌండ్ చేసేవారి చేతి నైపుణ్యాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. ఇది నేను రోజూ చూస్తున్నదే.

ఎంఆర్‌ఐ వీటన్నిటికంటే బలమైనది. రక్తనాళంలోకి మందు ఎక్కించి తీస్తారు, గడ్డకు రక్తప్రసారం ఎక్కువ కాబట్టి అది వెలిగినట్లు కనిపిస్తుంది. కణజాలం ఎంత దట్టంగా ఉన్నదీ దానికి పెద్దగా లెక్కలేదు. నెదర్లాండ్స్‌లో డీ తరగతివారిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2019లో ప్రచురితమయ్యాయి. మామోగ్రామ్ మామూలుగా ఉన్నాక రెండు పరీక్షల నడుమ బయటపడే క్యాన్సర్లు మామోగ్రామ్ ఒక్కటే తీసిన గుంపులో వెయ్యిమందికి 5 ఉంటే, ఎంఆర్‌ఐకి పిలిచిన గుంపులో అవి 2.5కు తగ్గాయి. నిజంగా ఎంఆర్‌ఐ తీయించుకున్నవారిలోనైతే 0.8 మాత్రమే. దీనికి చెల్లించిన మూల్యం: మొదటి విడతలో వెయ్యిమందిలో సుమారు 80 మంది క్యాన్సర్ లేకుండానే అనుమానపు జాబితాలోకి ఎక్కారు. ఆ తర్వాత 2022లో యూరప్ రొమ్ము రేడియాలజిస్టుల సంఘం, 50 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్న డీ తరగతివారికి రెండు నుంచి నాలుగేళ్లకోసారి ఎంఆర్‌ఐ సూచించింది. సీకి కాదు, ఏటా కూడా కాదు. అమెరికా నిపుణుల బృందమైతే 2024లో, 40 నుంచి 74 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి మామోగ్రామ్ చాలునని చెప్పి, సాంద్రత ఒక్క కారణంతో అదనపు పరీక్షలు చేయాలనడానికి ఆధారాలు ఇంకా సరిపోవని అంది. నిపుణులే ఇలా విడిపోయి ఉన్న చోట ‘అందరూ తీయించుకోవాల్సిందే’ అని అమ్మేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అనవసరపు పరీక్షల బాధ చిన్నదేమీ కాదు. ఎంఆర్‌ఐలో ఏదో మచ్చ వెలిగిందని బయాప్సీ దాకా వెళ్లి, చివరకు ఫైబ్రోఅడినోమా అనే హాని లేని గడ్డ అని తేలేదాకా ఇంట్లో అందరికీ నిద్రలేకుండా చేసుకున్న కుటుంబాలు నాకు తెలుసు.

ఇవన్నీ కలిపి మీ విషయంలో నేనైతే ఏం చేస్తానో చెబుతాను. సాంద్రత ఒక్కటే చూసి నిర్ణయించను. వయసు, కుటుంబ చరిత్ర, నెలసరి మొదలైన వయసు, మొదటి కాన్పు వయసు, గతంలో బయాప్సీ జరిగిందా, జరిగితే అందులో అసాధారణ కణాలు కనిపించాయా, చిన్నతనంలో ఛాతీకి రేడియేషన్ ఇచ్చారా, ఇవన్నీ సాంద్రతతో కలిపి లెక్కగట్టే టైరర్-క్యూజిక్ వంటి పద్ధతులు ఉన్నాయి. మీ డాక్టరును అడిగితే పది నిమిషాల పని. జీవితకాలపు ముప్పు 20 శాతం దాటితే ఏటా ఎంఆర్‌ఐ మాట ఆలోచించవచ్చు. కుటుంబం వైపు అడిగేటప్పుడు అమ్మ తరఫునే కాదు, నాన్న తరఫున మేనత్తల గురించి కూడా కనుక్కోండి. అండాశయ క్యాన్సర్, మగవారిలో రొమ్ము క్యాన్సర్ ఉన్నాయేమో చూడండి. ‘ఎవరికీ లేదు’ అని చెప్పేవారిలో చాలామంది నాన్న వైపు అడిగి ఉండరు. ముప్పు సగటు దగ్గరే ఉంటే క్రమం తప్పని మామోగ్రామ్ చాలు. దానికి తోడు అల్ట్రాసౌండ్ కావాలంటే, అనవసరపు అనుమానాలు రావచ్చని తెలిసి, మనసు సిద్ధం చేసుకుని తీయించుకోండి. తప్పేమీ లేదు.

సాంద్రతను తగ్గించుకోవడం గురించి: మర్దనలు, నూనెలు, విటమిన్ల కోసం డబ్బు పోయకండి. వయసుతో, ముఖ్యంగా ముట్లు ఆగిపోయాక, అదే తగ్గుతుంది. ముట్లు ఆగాక ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపిన హార్మోన్ మాత్రలు వాడితే సాంద్రతా పెరుగుతుంది, ముప్పూ పెరుగుతుంది. టామాక్సిఫెన్ అనే మందు సాంద్రతను తగ్గిస్తుంది. ముప్పు ఎక్కువ ఉన్నవారికి ముందుజాగ్రత్తగా ఆ మందు ఇచ్చిన ఒక పరీక్షలో, ఏడాది, ఏడాదిన్నరలో సాంద్రత 10 శాతం పైగా తగ్గినవారికి క్యాన్సర్ ముప్పు 63 శాతం తగ్గింది, తగ్గనివారికి మందువల్ల లాభం పెద్దగా కనిపించలేదు. అయితే రక్తం గడ్డకట్టడం, గర్భాశయ క్యాన్సర్ వంటి ప్రమాదాలు ఆ మందుకు ఉన్నాయి. సీ అని రాసినందుకు వాడేది కాదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. పట్టుదలగా బరువు తగ్గిన ఒకావిడ రెండేళ్ల తర్వాత ‘బీ నుంచి సీకి వెళ్లాను, వ్యాయామం చేసి చెడగొట్టుకున్నానా’ అని దిగులుపడ్డారు. రొమ్ములో కొవ్వు తగ్గింది, గ్రంథి కణజాలం ఉన్నదే ఉంది, అందుకే నిష్పత్తి మారింది. ముట్లు ఆగాక ఊబకాయం దానంతటదే రొమ్ము క్యాన్సర్ ముప్పు కాబట్టి ఆమెకు జరిగింది మేలే. వ్యాయామం, మద్యానికి దూరంగా ఉండటం సాంద్రతను మార్చకపోయినా ముప్పును తగ్గిస్తాయి. ఇంకోటి, బీకీ సీకీ మధ్య గీత కంటితో గీసేది. అదే చిత్రాన్ని ఇద్దరు రేడియాలజిస్టులు చూస్తే ఒకరు బీ, మరొకరు సీ రాయడం మామూలే. వచ్చే ఏడాది మీ రిపోర్టులో బీ అని వస్తే పండగ చేసుకోనక్కర్లేదు.

పాత చిత్రాల సీడీని మాత్రం జాగ్రత్తగా దాచండి, కాగితం ఒక్కటే సరిపోదు. దట్టమైన రొమ్ములో క్యాన్సర్‌ను మేము పట్టుకునేది చాలాసార్లు పాతదానితో పోల్చి, కొత్తగా ఏం వచ్చిందో చూసే. నెలసరి అయిపోయిన వారంలో తీయించుకుంటే నొక్కినప్పుడు నొప్పి కూడా తక్కువగా ఉంటుంది.

మీ అమ్మాయికి ఇప్పుడు మామోగ్రామ్ అవసరం లేదు. ఇరవై ఏళ్ల వయసులో రొమ్ములు సహజంగానే దట్టంగా ఉంటాయి, చిత్రంలో ఏమీ తెలియదు, రేడియేషన్ మాత్రం దండగ. తనకు గడ్డ ఏదైనా తగిలితే డాక్టరుకు చూపించండి, ఆ వయసులో అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు. కుటుంబ చరిత్ర అడిగినప్పుడు నాన్న వైపు ఏదైనా బయటపడితే మళ్లీ ఇక్కడ రాయండి, అప్పుడు జన్యుపరీక్ష గురించి వేరేగా మాట్లాడుకుందాం.